ఆ మాట తిట్టు కాదమ్మా

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది కరీంనగర్. మా ఆయన ఉద్యోగం కోసం టోక్యో వచ్చి ఆరేళ్లయింది. నిషి కసాయిలో ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్లు, ఇక్కడి స్కూల్లోనే మూడో తరగతి. నాకు చిన్నప్పటి నుంచి చదివే పిచ్చి. పల్లీల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, తర్వాత పల్లీలు తినేదాన్ని. ఇక్కడికొచ్చాక జపనీస్ నేర్చుకుని, భాష పరీక్షల్లో మధ్య మెట్టయిన ఎన్‌3 పాసయ్యాను. దాని పై మెట్టు ఎన్‌2. ఇప్పుడు చేతికి ఏది దొరికితే అది చదువుతున్నాను. లైబ్రరీ వాళ్లు ఉచితంగా ఇచ్చేసే పాత పుస్తకాల్లో దొరికిన టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) వంటల పుస్తకం, రైల్వే స్టేషన్లలో అమ్మే భోజనం డబ్బాల గురించిన పత్రిక, ఒక డిటెక్టివ్ నవల సగం, ఫోన్లో పాత తెలుగు వారపత్రికలు. చెత్త ఏ రోజు ఏది వెయ్యాలో చెప్పే బుక్‌లెట్ కూడా మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను.

మొన్న వాలంటీర్లు నడిపే భాష క్లాసులో ఇదంతా చెబితే మా టీచరమ్మ నవ్వి, "రందొకు దెసు నే" అన్నారు. ఇంటికొచ్చి డిక్షనరీ చూస్తే, ఒక పద్ధతి లేకుండా ఏది పడితే అది చదవడం అని ఉంది. మనసు చివుక్కుమంది. మా ఆయన కూడా "ఒక్క పుస్తకమన్నా పూర్తి చేస్తావా? ఆ టైం ఎన్‌2 మీద పెడితే ఈపాటికి ఉద్యోగం వచ్చేది" అంటారు. నిన్న బాబు, "అమ్మా, నువ్వు టోఫు వండవు కదా, మరి టోఫు పుస్తకం ఎందుకు చదువుతున్నావ్?" అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. చదివింది చెప్పుకుందామంటే ఎవరూ లేరు. ఇది మానుకోవాల్సిన అలవాటా? ఒక పద్ధతిగా చదవడం ఎలా నేర్చుకోవాలి?

– ఒక సోదరి, టోక్యో

జవాబు: అమ్మా, మీ టీచరమ్మ మిమ్మల్ని తిట్టలేదు. ముందు ఆ ముల్లు మనసులోంచి తీసెయ్యండి. నేను ఒసాకాలో పదకొండేళ్లు ఉండి వచ్చినదాన్ని. ఈ మాట చాలామంది నోట విన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ కరీంనగర్ వైపు దిగులుని రంది అంటారు కదా, ఈ రందొకు గురించి మాత్రం రంది పడకండి.

రందొకు రెండు అక్షరాల మాట. 'దొకు' అంటే చదవడం. 'రన్' అంటే చెల్లాచెదురు, కల్లోలం. జపాన్ దర్శకుడు కురొసావా 1985లో తీసిన సినిమాకి పేరు ఈ ఒక్క అక్షరమే. గందరగోళాన్ని 'కొన్‌రన్' అంటారు, మొరటుతనాన్ని 'రన్‌బొ' అంటారు, రెండింట్లోనూ ఉన్నది అదే రన్. కాబట్టి ఆ మాటలో గుచ్చుకునేది ఏమీ లేదని నేను అనను. అదే మాటని ఇంకో రకంగానూ రాస్తారు. అందులో రన్ అనే అక్షరానికి పక్కన మూడు నీటి చుక్కల గుర్తు ఉంటుంది. దానికి అర్థం నీళ్లు పొంగి గట్టు దాటడం. పలకడం ఒకేలా పలుకుతారు. నాకు ఈ రెండో రాతే ఇష్టం. చిందరవందర అనడం కంటే పొంగిపొర్లడం అనడమే మీలాంటి వాళ్లకి సరిపోతుంది.

డిక్షనరీలో మీకు 'తెఅతారి షిదాయి' అనే మాట కూడా కనిపించి ఉంటుంది. 'తె' అంటే చెయ్యి. 'అతారి' అంటే తగలడం. చేతికి తగిలింది తగిలినట్టు అని అర్థం. మీ ఉత్తరంలో మీరేం రాశారో ఒకసారి చూసుకోండి. 'చేతికి ఏది దొరికితే అది' అన్నారు. జపనీస్ డిక్షనరీ చెప్పిన అర్థాన్ని, అది చూడకముందు నుంచే మీరు తెలుగులో చెప్పుకుంటున్నారు. మీరు చెప్పుకున్నప్పుడు అది తప్పులా లేదు, డిక్షనరీలో కనిపించేసరికి తప్పయింది.

ఇంకో సంగతి. జపాన్‌లో బాగా చదివే మనిషిని పట్టుకుని మీరేం చదువుతుంటారు అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు "అయ్యో, నాది ఉత్త రందొకు అండీ" అని. వాళ్లు తమ గురించి తాము తగ్గించి చెప్పుకునే మాట అది. మనవాళ్లు "ఏదో, తోచింది చదువుతుంటాం" అంటారు చూడండి, అలాంటిది. ఆ మాటే అవతలి మనిషి గురించి నవ్వుతూ, చివర మన 'కదా' లాంటి 'నే' చేర్చి అన్నారంటే, "మీకు చదవడమంటే ఇంత ఇష్టమా" అన్నట్టే. విదేశం నుంచి వచ్చిన ఒకావిడ చెత్త బుక్‌లెట్ కూడా ఇష్టంగా చదివానని జపనీస్‌లో చెబుతుంటే ఏ టీచరుకి ముచ్చటగా ఉండదు? వచ్చే క్లాసులో ఆవిడనే అడగండి, "మీరు కూడా రందొకు చేస్తారా?" అని. ఆ ఒక్క ప్రశ్నతో మీ అనుమానం తీరిపోతుంది, మాటా మాటా కలుస్తుంది.

మనకి ఆవకాయ, మాగాయ, తొక్కు, పచ్చడి అని ఎన్ని పేర్లున్నాయో జపనీస్‌లో చదవడానికి అన్ని పేర్లున్నాయి. ఒక పేజీ మీద కూర్చుని ప్రతి మాటా పట్టి చదివితే అది సెయిదొకు. రుచి దిగేదాకా నెమ్మదిగా చదివితే జుకుదొకు. తేలికైనవి ఎక్కువెక్కువ చదివితే తదొకు. పుస్తకాల షాపులో నిలబడి, కొనకుండా చదివేస్తే తాచియొమి. ధాన్యంలో రాళ్లు ఏరినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకుని చదివితే హిరొఇయొమి. పేజీ మీద కళ్లు ఏటవాలుగా పరిగెత్తిస్తే ననమెయొమి. కొని తెచ్చి చదవకుండా పేర్చిపెట్టే త్సుందొకు సంగతి మన దగ్గర కూడా ఫోన్లు వాడేవాళ్లందరికీ తెలిసిపోయింది. ఈ పేర్లలో ఏదీ ఎక్కువ కులం, ఏదీ తక్కువ కులం కాదు. ఒకే మనిషి పొద్దున ఒక రకంగా, రాత్రి ఒక రకంగా చదువుతాడు. మీరు ఇప్పుడు ఒక రకం చదువులో ఉన్నారు, అంతే.

ఈ రకం చదువు జపాన్‌లో కొత్తదీ కాదు. ఎదొ కాలంలో, అంటే టోక్యోకి ఇంకా ఆ పేరు రాకముందు, కషిహొన్‌య అనే వాళ్లు ఉండేవాళ్లు. పుస్తకాలు అద్దెకిచ్చేవాళ్లన్నమాట. పెద్ద మూటలో పుస్తకాలు తలకంటే ఎత్తుగా పేర్చి, వీపున మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. 1808లో ఒక్క ఎదొ నగరంలోనే అలాంటివాళ్లు 656 మంది ఉన్నట్టు లెక్క ఉంది. మన ఊళ్లలో వీధి చివర అద్దె పుస్తకాల షాపు గుర్తుంది కదా, అదే ఇంటి గుమ్మంలోకి నడిచొచ్చేదని అనుకోండి. చదివేవాళ్లకి ఏమొస్తుందో ముందు తెలియదు. ఆ వారం మూటలో ప్రేమకథ ఉంటే ప్రేమకథ, యుద్ధాల కథ ఉంటే యుద్ధాల కథ, యాత్రా పుస్తకం ఉంటే యాత్ర. మామూలు జనం చదువరులైంది అలాగే, చేతికి తగిలింది తగిలినట్టు చదువుతూ.

మన కాలంలో కూడా ఈ చదువుని వెనకేసుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. తొయమ షిగెహికొ అని, ఇంగ్లిష్ సాహిత్యం పాఠాలు చెప్పిన పండితుడు, 1923లో పుట్టి 2020లో పోయారు. 2014లో, అంటే తొంభై దాటాక, పేరులోనే రందొకు ఉన్న పుస్తకం రాశారు. అనుకోకుండా తగిలే ఆలోచనలు ఇలాంటి చదువులోనే పుడతాయని ఆయన వాదన.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఇంకొకాయన గురించి. పేరు మినకత కుమగుసు. 1867లో వకయమలో పుట్టారు. చిన్నతనంలో ఇరుగుపొరుగు ఇళ్లకి వెళ్లి, అక్కడున్న పుస్తకాలు అరువు తెచ్చుకుని చేత్తో రాసుకునేవారు. చెట్లు, జంతువులు, దేశాలు, పనిముట్లు అన్నీ బొమ్మలతో ఉన్న 105 సంపుటాల పాత విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. ఆ పిల్లాడు కొన్నేళ్లపాటు కూర్చుని దాన్ని ఎక్కించుకున్నాడు. పెద్దయ్యాక టోక్యో చదువు మధ్యలో వదిలేసి అమెరికా వెళ్లి, అక్కడి నుంచి 1892లో లండన్ చేరారు. బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో ఏది పడితే అది చదివారు. ప్రయాణ కథలు, వైద్యం, దేవుళ్లు, పురుగులు, ఊళ్లలో చెప్పుకునే నమ్మకాలు. పరీక్ష లేదు, డిగ్రీ లేదు, మీ ఆయన అడిగినట్టు ఆయన్ని ఎవరన్నా అడిగితే చూపించడానికి సర్టిఫికెట్టూ లేదు.

చదివినవాటిలోంచి నచ్చిన ముక్కలు మాత్రం అనేక భాషల్లో ఉన్నవి ఉన్నట్టు నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. లండన్లో అలా రాసుకున్న పుస్తకాలు 52. జపాన్ తిరిగొచ్చాక తనబె అనే సముద్రం పక్క ఊళ్లో స్థిరపడి, స్లైమ్ మోల్డ్ అని చెట్ల మొదళ్లలో జిగురుగా పాకే చిన్న జీవుల మీద పని చేశారు. 1929లో చక్రవర్తి అటు వచ్చినప్పుడు, ఆయనకి పాఠం చెప్పి, 110 నమూనాలు కానుకగా ఇచ్చారు. వాటిని ఏ చందనపు పెట్టెలోనో కాదు, క్యారమెల్ చాక్లెట్ల అట్టపెట్టెల్లో పెట్టి ఇచ్చారు.

ఆయన కథలో నన్ను పట్టుకున్నది ఈ పెట్టెల సంగతి కాదు, దానికి ముందు జరిగింది. 1906 తర్వాత ప్రభుత్వం ఊరూరా ఉన్న చిన్న గుళ్లని మూసి, పెద్ద గుళ్లలో కలిపెయ్యడం మొదలుపెట్టింది. గుడి పోతే గుడి చుట్టూ ఉన్న పాత అడవిని నరికి అమ్ముకునేవాళ్లు. కుమగుసు దానికి అడ్డం నిలబడ్డారు. అడవి పోతే నాచు పోతుంది, పక్షి పోతుంది, పక్షి పోతే పంటకి పురుగు వస్తుంది, గుడి పోతే ఊరి పండగ పోతుంది, పండగ పోతే ఊరివాళ్ల మధ్య పొందు పోతుందని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. జీవావరణం అనే అర్థమున్న మాటని, ఇంకా జపాన్‌లో ఎవరికీ అలవాటు లేని రోజుల్లో, 1911లో ఉత్తరాల్లో వాడారు. మొక్కలు మాత్రమే చదివినవాడు ఆ వాదన చెయ్యలేడు. గుళ్ల కథలు మాత్రమే చదివినవాడూ చెయ్యలేడు. రెండూ ఒకే తలలో చేరాయి కాబట్టే చెయ్యగలిగారు.

అయితే అవి ఆయన తలలో చేరి ఊరుకోలేదమ్మా. నోటు పుస్తకంలోకి ఎక్కాయి. ఉత్తరాల్లోకి వెళ్లాయి. జానపద విషయాల పండితుడు యనగిత కునియోకి, దొకి హొర్యు అనే బౌద్ధ గురువుకి ఆయన రాసిన ఉత్తరాలు ఇప్పటికీ జనం చదువుకుంటున్నారు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం కూడా ఇదే. "చదివింది చెప్పుకుందామంటే ఎవరూ లేరు." మీరు దాన్ని చివర్లో, నడుస్తూ నడుస్తూ అనేసినట్టు రాశారు. నా లెక్కన మీ బాధ మొత్తం అందులో ఉంది. పద్ధతి లేకపోవడం మీ సమస్య కాదు. చదివింది లోపలే ఉండిపోవడం మీ సమస్య.

కాబట్టి మీరు అడిగినట్టు "ఒక పద్ధతిగా చదవడం" నేను నేర్పను. మీ చదువుని అలాగే ఉండనివ్వండి. రెండు పనులు మాత్రం దానికి జత చెయ్యండి.

మొదటిది నోటు పుస్తకం. మామూలు రూళ్ల పుస్తకం చాలు. తేదీ, చదివినదాని పేరు, అందులో మీకు కొత్తగా తెలిసిన ఒకే ఒక్క సంగతి. సారాంశం రాయొద్దు. అది రాయాలనుకుంటే నాలుగో రోజుకే టెన్షన్ వచ్చి మానేస్తారు.

అదెలా పని చేస్తుందో మీ స్టేషన్ భోజనాల పత్రికతోనే చూపిస్తాను. అందులో గున్మ ప్రాంతంలోని యొకొకవ స్టేషన్ గురించి తప్పకుండా ఉంటుంది. ఆ స్టేషన్ కొండ అడుగున ఉంటుంది. ఘాట్ ఎక్కడానికి రైలుకి అదనపు ఇంజిన్ తగిలించాలి కాబట్టి బండి అక్కడ కాసేపు ఆగేది. ఆ ఆగిన కాసేపట్లో అమ్మడానికి 1958లో ఒక భోజనం తయారుచేశారు. కూరముక్కలతో వండిన అన్నాన్ని వేడివేడిగా చిన్న మట్టికుండలో పెట్టి ఇస్తారు. గోధుమరంగు మెరుగుతో ఉండే ఆ కుండ బరువుగా రెండు చేతులకీ వెచ్చగా తగులుతుంది. తిన్నాక పారెయ్యబుద్ధి కాదు. జనం ఇంటికి పట్టుకెళ్లి అందులో ఒకరికి సరిపడా అన్నం వండుకుంటారు. మీరు ఆ రోజు నోటు పుస్తకంలో "యొకొకవ అన్నం కుండ మషికొ అనే ఊళ్లో చేస్తారు" అని ఒక్క వాక్యం రాసుకున్నారనుకుందాం. రెండు నెలల తర్వాత లైబ్రరీలో ఏదో కుండల బొమ్మల పుస్తకం చేతికి తగులుతుంది. అందులో హమద షోజి అనే పేరున్న కుండల కళాకారుడు ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి 1924లో మషికొ చేరాడని ఉంటుంది. మషికొ అన్న మాట మీకు ఎక్కడో తగిలినట్టుంటుంది. పేజీలు వెనక్కి తిప్పుతారు. అన్నం కుండా, ఆ కళాకారుడూ ఒకే ఊరివాళ్లని తెలిసినప్పుడు కలిగే సంతోషం ఏ పరీక్ష పాసైనా రాదు. 1997లో ఆ ఘాట్ రైలు మార్గం మూసేశారు, కుండ భోజనం మాత్రం ఇంకా అమ్ముతున్నారు. అది తర్వాత ఇంకెక్కడో మీకు తగులుతుంది, దాని పక్కన రాసుకుంటారు. చెదురుమదురుగా చదివినవి ఒకదాన్ని ఒకటి వెతుక్కునేది ఇలాగే.

రెండోది, మనుషులు. జపాన్‌లో బిబ్లియో బాటిల్ అని ఒక ఆట ఉంది. 2007లో క్యోటో విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఇప్పుడు లైబ్రరీల్లో, స్కూళ్లలో కూడా ఆడతారు. ఒక్కొక్కరు తమకి నచ్చిన పుస్తకం తెచ్చి, కాగితం చూడకుండా, 5 నిమిషాలు దాని గురించి మాట్లాడాలి. తర్వాత కాసేపు ప్రశ్నలు. చివరికి అందరూ ఓటేస్తారు. ఎవరు బాగా మాట్లాడారని కాదు, ఏ పుస్తకం చదవాలనిపించిందని. నిషి కసాయిలో మన దేశం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పండగలకి కలుస్తూనే ఉంటారు. నెలకొక ఆదివారం ఎవరింట్లోనన్నా నలుగురు ఆడవాళ్లు కూర్చోండి. తెలుగు పుస్తకమైనా సరే, జపనీస్ అయినా సరే, టోఫు పుస్తకమైనా సరే. ఫోన్లో 5 నిమిషాల టైమర్ పెట్టండి. మొదటిసారి ఇద్దరే వస్తారు, ఫర్వాలేదు. మీలాగే ఇంట్లో చదువుకుంటూ, చెప్పుకోవడానికి మనిషి లేక ఉండిపోయిన ఇంకొకావిడ ఆ వీధిలో లేదనుకోను.

ఇక మీ ఆయన మాట. ఆయనన్నదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కొట్టిపారెయ్యలేను. ఎన్‌2లో మాటలు, వ్యాకరణం, చదివి జవాబులు రాయడం కలిపి 105 నిమిషాల పేపరు, వినడానికి ఇంకో 50 నిమిషాలు. అందులో ఒక పేరాలోని చిన్న విభక్తి మీద జవాబు తిరగబడిపోతుంది. అక్కడ రందొకు మిమ్మల్ని ఒడ్డెక్కించదు, సెయిదొకు కావాలి. ఉద్యోగం మీకూ కావాలనిపిస్తే రోజుకి ముప్పావు గంట, ఒకే సమయంలో, వ్యాకరణం పుస్తకంతో కూర్చోండి. అందులో పది నిమిషాలు మీకు నచ్చిన టోఫు పుస్తకంలోంచి ఒకే పేజీ తీసుకుని, ఒక్క మాట కూడా వదలకుండా, డిక్షనరీ చూస్తూ చదవండి. ఆ పేజీ అయ్యాక పుస్తకాన్ని మళ్లీ మీ ఇష్టానికి వదిలెయ్యండి. పరీక్ష జులైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వస్తుంది. మీకు ఏది కుదురుతుందో చూసుకోండి. ఆయనకి కూడా ఇలా గంటల లెక్కలో చెబితే మనసు కుదుటపడుతుంది. మన మగవాళ్లకి ఇష్టం కంటే టైంటేబుల్ తొందరగా అర్థమవుతుంది.

పూర్తి చెయ్యవు అన్న మాట మాత్రం పట్టించుకోకండి. జపనీస్ నేర్చుకునేవాళ్ల కోసం తదొకు పద్ధతి ఒకటి ఉంది. దానికి ఉన్నవి నాలుగే సూత్రాలు. తేలికైనదానితో మొదలుపెట్టు, డిక్షనరీ చూడకు, అర్థం కానిచోట దాటెయ్యి, ముందుకు సాగకపోతే ఆ పుస్తకం వదిలి ఇంకోటి తీసుకో. వదిలెయ్యడం అక్కడ తప్పు కాదు, నియమం! మీ డిటెక్టివ్ నవల సగంలో ఆగిందంటే హంతకుడెవరో తెలుసుకోవాలని మీకు అనిపించలేదన్నమాట, ఆ పుస్తకం మీది కాదు.

రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. ఫోన్లో వేలితో పైకి తోసుకుంటూ పోవడం రందొకు కాదు. పాత వారపత్రికలు చదవడానికి ఫోన్ తీసి, గంట తర్వాత ఇంకెక్కడో తేలితే, ఆ గంట మీ చదువు లెక్కలోకి రాదు. అందుకే రాత్రి పడుకునే ముందు కాగితం పుస్తకమే పట్టుకోండి. ఇంకోటి, పిల్లాడి జ్వరం గురించో, వీసా కాగితాల గురించో పదిచోట్ల పది ముక్కలు చదివి నిర్ణయాలు తీసుకోకండి. వాటికి డాక్టరున్నాడు, ఆఫీసులున్నాయి.

ఎక్కడికి వెళ్లి చదవాలో కూడా చెబుతాను, నాకు ఆ దారులంటే ప్రాణం. మీ నిషి కసాయిలోనే ఎదొగవ వార్డు లైబ్రరీ ఉంది, అది మీకు తెలిసే ఉంటుంది. అదే వార్డులో నగిస పార్కులో 2023 నవంబరులో పిల్లల సాహిత్యం మ్యూజియం తెరిచారు. చిన్నతనం ఆ వార్డులో గడిపిన రచయిత్రి కదొనొ ఎయికొ పేరు మీద కట్టిందది. ఆవిడకి 2018లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది. లోపలంతా స్ట్రాబెరీ రంగు. పిల్లలు అరల్లోంచి ఏ పుస్తకమైనా తీసుకుని, ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. బాబుని తీసుకెళ్లండి.

మీరొక్కరే వెళ్లాల్సిన చోటు కందా జింబొచొ. నిషి కసాయిలో తోజాయి లైన్ ఎక్కి కుదన్‌షితలో దిగి, యసుకుని వీధి వెంబడి కాసేపు నడిస్తే వస్తుంది. పాత పుస్తకాల షాపులు దాదాపు 130 దాకా ఉంటాయి. మన ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలు ఏడాది పొడుగునా షాపుల్లో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. షాపులు ఎక్కువగా వీధికి దక్షిణం పక్కనే, ఉత్తరం వైపు ముఖం పెట్టి ఉంటాయి. ఎండ తగిలితే కాగితం పచ్చబడుతుందని అలా. షాపు ముందు చక్రాల బల్లల మీద చౌక పుస్తకాలు పెడతారు. నేను వెళ్లినప్పుడల్లా అక్కడే గంటసేపు నిలబడిపోయేదాన్ని. ఒకసారి కొంగల మీద పుస్తకం, దాని కింద కుట్టుపని పుస్తకం, దాని కింద ఎవరో పెన్సిలుతో గీతలు గీసిన కవిత్వం దొరికాయి. కొంగల పుస్తకం కొన్నాను. లోపల ఎండిన గింకో ఆకు ఒకటి పెట్టి ఉంది, పసుపు ఇంకా పోలేదు. ఆ ఆకు ఉన్న పేజీలో ఏముందోనని ముందు అదే చదివాను. అక్టోబరు చివర్లో వెళ్తే ఇంకా మంచిది. 1960లో మొదలైన పాత పుస్తకాల పండగ అప్పుడే జరుగుతుంది, ఫుట్‌పాత్ నిండా అరలు పెడతారు.

బాబు ప్రశ్న చివరికి ఉంచాను. వాడి స్కూల్లో పొద్దున పది నిమిషాలు అందరూ నిశ్శబ్దంగా చదివే పద్ధతి ఉందేమో అడగండి. 1988లో చిబలోని ఒక అమ్మాయిల హైస్కూల్లో మొదలై దేశమంతా పాకింది. అందులో "నచ్చిన పుస్తకం ఏదైనా సరే" అనేది ఒక నియమం. వాడు స్కూల్లో చేస్తున్నదే మీరు ఇంట్లో చేస్తున్నారని చెప్పండి.

టోఫు గురించైతే ఇది చెప్పండి. 1782లో ఒసాకాలో 'తోఫు హ్యకుచిన్' అనే పుస్తకం వచ్చింది. అందులో వంద టోఫు వంటలున్నాయి. మామూలువి, మంచివి, వింతవి అంటూ ఆరు తరగతులుగా విడగొట్టి రాశారు. వంటలతో పాటు టోఫు మీద పాతవాళ్లు రాసిన కవితలూ కబుర్లూ చేర్చారు. ఎంతగా చదివారంటే మరుసటి ఏడాదే రెండో భాగం వెయ్యాల్సి వచ్చింది. కొన్నవాళ్లందరూ వంటవాళ్లేనా? ఇంట్లో కూర్చుని, మూట మోసుకొచ్చినవాడి దగ్గర అద్దెకి తీసుకుని, ఆ వంద పేర్లూ చదువుకుని, వండకుండానే తిన్నంత సంబరపడ్డవాళ్లు వాళ్లలో బోలెడుమంది ఉండి ఉంటారు. మీ దగ్గరున్న పుస్తకం ముందుమాటలో ఆ పేరు ఉందేమో వెతకండి. రాత్రికి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ పైకి చదవండి. మీకు రాని కంజి, అంటే చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరం, వాడికి వచ్చి ఉంటుంది, వాడినే చదవమనండి. ఆ పేజీలో ఉన్నది ఆదివారం పొద్దున మీ ముగ్గురూ కలిసి వండండి. ఎలా కుదిరిందో నాకు రాయండి, ఆ వంటకం పేరుతో సహా.